ప్లాటినం బస్సు

9 సెప్టెంబరు 2002, సోమవారం

ఈ డైరీ రామతులసి చదవకూడదు. ఒకే గదిలో ఉంటాం, ఒకే కాలేజీలో పాఠాలు చెబుతాం, ఒకే కొబ్బరినూనె సీసా వాడతాం. ఇదొక్కటైనా నాది అనిపించుకోవాలి.

విశాఖ నుంచి గైడ్ గారు ఫోన్ చేశారు. డిసెంబరు ముప్పై ఒకటో తారీఖులోగా థీసిస్ ఇవ్వకపోతే రిజిస్ట్రేషన్ రద్దు. ఇదే ఆఖరి పొడిగింపు, ఇంకోటి అడిగే ముఖం నాకూ లేదు, ఇచ్చే ఓపిక వాళ్ళకూ లేదు. డాక్టరేటు లేకపోతే ఉద్యోగం పర్మనెంట్ కాదని కాలేజీ వాళ్ళు ముందే చెప్పారు. అంటే ఆరేళ్ళ కష్టమంతా గోదాట్లో కలిసినట్టే.

నా దగ్గర మూడున్నర చాప్టర్లు ఉన్నాయి. ఫలితం ఒక్కటే లేదు.

కాలేజీ కంప్యూటర్లు అడిగితే ప్రిన్సిపాల్ గారు, "కెమిస్ట్రీ వాళ్ళకి కంప్యూటరెందుకమ్మా, టెస్ట్ ట్యూబులున్నాయిగా" అన్నారు. నవ్వాను. నవ్వకుండా ఉండాల్సింది.

రేపు వినాయకచవితి. పుస్తకాలన్నీ పూజలో పెట్టేస్తాను, వాటి సంగతి ఆయనే చూసుకుంటాడు.

12 సెప్టెంబరు

చూసుకున్నాడు. దేవీచౌక్ దగ్గర తాతాజీ గారి ఇంటర్నెట్ సెంటర్‌లో పది సిస్టంలున్నాయి. ఆయన పొద్దున్నే తెరిచి, పదకొండింటి దాకా ఈగలు తోలుకుంటూ కూర్చుంటారు. వాళ్ళమ్మాయి దేవిశ్రీకి ఇంటర్ కెమిస్ట్రీ చెబితే పొద్దుటి పూట పది సిస్టంలూ నావేనన్నారు. బేరం కుదిరింది.

కుదిరాక అడిగారు, "ఇంతకీ ఏం చేస్తదండి మేడం గారూ మీ ప్రోగ్రాం?"

గైడ్ గారికి చెప్పినట్టు చెబితే పారిపోతారని బస్సు కథ చెప్పాను.

"కార్ల సైలెన్సర్‌లో ప్లాటినం ఉంటుందండి. పొగలో ఉండే విషవాయువుని విరుగుడు చేస్తుంది. ఆ ప్లాటినం ఒక బస్సు అనుకోండి. కార్బన్ మోనాక్సైడ్ ఒంటరి ప్రయాణికుడు, ఎక్కడ సీటు ఖాళీగా ఉంటే అక్కడ కూర్చుంటాడు. ఆక్సిజన్ జంటగా వస్తుంది. పక్కపక్కనే రెండు సీట్లుంటేనే ఎక్కుతుంది."

"న్యాయమే కదండి."

"ఎక్కాక జంట విడిపోతుంది. ఆ ఇద్దరిలో ఒకరి పక్కన ఒంటరివాడు ఉన్నాడనుకోండి, వాళ్ళిద్దరూ కలిసి దిగిపోతారు. అలా దిగిపోయిందే మామూలు బొగ్గుపులుసు వాయువు. విషం పోయినట్టు."

తాతాజీ గారు వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నారు. "అంటే మొగుడూపెళ్ళాం ఎక్కి, పక్క సీటువాళ్ళతో దిగిపోతారన్నమాట. ఈ పాఠం మా అమ్మాయికి వద్దులెండి."

ఒంటరివాళ్ళు మరీ ఎక్కువైతే బస్సంతా వాళ్ళతోనే నిండిపోతుంది. జంటకి చోటు దొరకదు. ఎవరూ దిగరు, ఎవరూ ఎక్కరు, బస్సు చచ్చిపోయినట్టే. నూటికి యాభైరెండు మంది ఒంటరివాళ్ళు దాటితే ఇక బతకదని పాత పేపర్లలో ఉంది. నేను కొత్తగా కలిపింది ఒక్క నియమం, కూర్చున్న ఒంటరివాడు పక్క సీటు ఖాళీగా ఉంటే అందులోకి జరగవచ్చు. థీసిస్‌లో దాని పేరు డిఫ్యూజన్. కాకినాడ బస్సులో దాని పేరు "కాస్త జరగండి". అలా జరిగితే బస్సు ఎంతవరకు బతుకుతుందో తేల్చాలి.

ఎనిమిదింటికి నాకు క్లాసు కాబట్టి సిస్టంలు ఆయనే మొదలుపెట్టాలి. ఎలాగో నేర్పాను. "ఎవరు ఎప్పుడు ఎక్కాలో మిషనే పేక కలిపినట్టు కలుపుతుందండి. మొదట ఓ అంకె అడుగుతుంది, ఆ అంకెని బట్టి పేక కలుస్తుంది. మీకు నచ్చింది కొట్టెయ్యండి" అన్నాను.

"నచ్చిందంటే నచ్చిందేనాండి?"

"ఏదైనా సరేనండి."

14 సెప్టెంబరు

కరెంటు పోయింది. పది బస్సులూ దారిలోనే ఆగిపోయాయి.

17 సెప్టెంబరు

యాభైమూడు దగ్గర బతికింది. యాభైనాలుగు దగ్గర కూడా. తాతాజీ గారు మధ్యాహ్నం కాలేజీకే ఫోన్ చేసి, "అన్ని బస్సులూ క్షేమమండి" అన్నారు. స్టాఫ్ రూమంతా ట్రావెల్స్ వ్యాపారం పెట్టాననుకున్నారు.

20 సెప్టెంబరు

యాభైఆరు!

ఆశ్చర్యార్థకాలు పెట్టే అలవాటు లేదు నాకు, కానీ యాభైఆరు. ఇంతవరకు ఎవరూ చూడనిది. పది సిస్టంలలో పదీ బతికాయి. ఎంతమంది దిగారన్న లెక్క కూడా పదింటిలోనూ ఒకటే, చివరి దశాంశం దాకా. ప్రయోగమంటే అలా ఉండాలి. ముత్యాలు గుచ్చినట్టు.

రామతులసికి కాగితం చూపించాను. అది బాటనీ చెబుతుంది.

"ఒకేలా ఉన్నాయేంటే అన్నీ?"

"అదేగా గొప్ప."

"కడియం నర్సరీలో పది మొక్కలు పక్కపక్కన నాటితే పదీ పదెత్తులొస్తాయి."

"మొక్కలు వేరు, ప్లాటినం వేరు" అన్నాను. దానికి ఫిజికల్ కెమిస్ట్రీ తెలియదు పాపం.

22 సెప్టెంబరు, ఆదివారం, ఉప్పాడ

ఒక్కపూటకి వచ్చాను. పోయినసారి నేను చెప్పులు విడిచిన చోట ఇప్పుడు అలలున్నాయి. అమ్మ ఆ మాటే ఎత్తదు, చెప్పులు లోపల విడవమంటుంది అంతే. సొరచేప పొడిపొడిగా పిడుపు చేసింది. ఇల్లంతా వెల్లుల్లి వాసన.

అన్నం తింటూ యాభైఆరు సంగతి చెప్పాను. నాన్న పూర్తిగా విన్నాడు. విని, చెయ్యి కడుక్కుని, చొక్కా వేసుకుని బయటికి వెళ్ళాడు. సాయంత్రం నేను బస్సెక్కేసరికి రేవంతా తెలిసిపోయింది. వలలు బాగుచేసుకుంటున్న ఒకాయన నన్ను ఆపి, "పొగ రాని బండి కనిపెట్టావంటగదమ్మా. మీ నాన్న పల్లంరాజు సెప్పాడు" అన్నాడు.

బండి కాదు, పొగ రాకపోవడం కాదు, కనిపెట్టడమూ కాదు. కానీ నాన్న పక్కనే నిలబడి సముద్రంకేసి చూస్తున్నాడు, కావాలని నాకేసి చూడకుండా. "అవునండి" అన్నాను.

నా చదువు గురించి ఆయన బయట ఒక మాట అనడం ఇదే మొదలు.

26 సెప్టెంబరు

గ్రాఫ్ గైడ్ గారికి ఈమెయిల్ చేశాను. గంటలో జవాబు వచ్చింది. ఆయన గంటలో జవాబివ్వడం ఆరేళ్ళలో లేదు. "చాలా బాగుంది. హైదరాబాదు సదస్సుకి మనిద్దరి పేర్లతో సారాంశం పంపేశాను. అక్టోబరు ఇరవైఅయిదున ఇక్కడ డిపార్ట్‌మెంట్‌లో అందరి ముందూ ప్రీ-టాక్ ఇవ్వు. అది అవగానే సంతకం పెడతాను."

కింద చిన్నగా ఇంకో వాక్యం. "ఎర్రర్ బార్లు ఎక్కడమ్మా?"

పదిసార్లు చేస్తే పదిసార్లకీ మధ్య ఎంత తేడా వచ్చిందో గ్రాఫ్ మీద నిలువు గీతలతో చూపించాలి. నాకు తేడాయే లేదు, ఇక గీతెక్కడిది? "సున్నా అండి" అని రాశాను.

27 సెప్టెంబరు

తేడా లేకపోవడం మంచిదే.

3 అక్టోబరు

ఇంకో పది. అవీ ఒకటే. మంచిదే.

రామతులసి నాచేత స్వీట్లు తెప్పించుకుంది. తింటూ మళ్ళీ కడియం మొక్కల ఊసెత్తబోతే ఇంకో కాజా నోట్లో పెట్టాను.

8 అక్టోబరు

దేవిశ్రీ ఇవాళ అడిగింది, "మేడం, పేక అంత బాగా కలిపితే ప్రతిసారీ ఒకే ముక్కలెలా వస్తాయి?" సిలబస్‌లో లేనివి అడగొద్దన్నాను. గట్టిగా అన్నాను అనుకుంటా. వెళ్ళేటప్పుడు వాళ్ళమ్మ ఇచ్చిన కాఫీ చల్లగా ఉంది.

నిద్ర సరిగా పట్టడం లేదు. ఉక్కపోత.

14 అక్టోబరు, మహర్నవమి

పొద్దున్నే తాతాజీ గారు సిస్టంలు ఆపేశారు. ఆయుధపూజ. రేపు మధ్యాహ్నం దాకా ముట్టుకోకూడదట. ప్రీ-టాక్ దగ్గర పడుతోందండి అంటే, "సుత్తికీ కొడవలికీ ఇస్తాం విశ్రాంతి, వీటికివ్వకపోతే ఎలాగండి" అన్నారు. వాదించి లాభం లేదు. పూజకి రమ్మంటే వెళ్ళాను.

పది సీపీయూలకీ పసుపు రాసి బొట్లు పెట్టారు. ప్రతి మౌస్ మీదా ఒక బంతిపువ్వు. ప్రింటర్‌కి నిమ్మకాయ. మానిటర్ల మీద కూడా కుంకుమ పెట్టబోతే దేవిశ్రీ గాజు పాడవుతుందని అడ్డుపడింది. హారతి పళ్ళెం నా దగ్గరికి వచ్చినప్పుడు ఇంటి దగ్గరే మడిచి తెచ్చుకున్న నూటపదహార్లు వేశాను.

తాతాజీ గారి మొహం విప్పారింది. "చూశావటే అమ్మాయ్, మేడం గారికీ పట్టింపే" అన్నారు దేవిశ్రీతో. తరవాత నాతో, "ఏదైనా శుభమా అని మొదలెట్టేటప్పుడు పదహారుండాలండి. మీ ప్రోగ్రాంకి కూడా నేను రోజూ అదే ఇస్తున్నాను."

"అదే అంటే?"

"వెయ్యినూటపదహారండి. అంకె అడుగుతదిగా. పది సిస్టంలకీ అదే కొడతాను. మొదటిరోజు నుంచీనండి, ఒక్కరోజు తప్పలేదు."

పళ్ళెంలో కర్పూరం ఆరిపోయేదాకా దాన్నే చూస్తూ నిలబడ్డాను. ప్రసాదం పెడితే తిన్నాను. పులిహోర బాగుందని కూడా చెప్పినట్టు గుర్తు.

పది పేకలు కాదు. ఒకే పేక, పదిసార్లు చూశాను. అంకె ఒకటైతే పేక ఒకటే, పేక ఒకటైతే ఆట ఒకటే. ఇది నేనే ఆయనకి నేర్పాను, ఈ డైరీలోనే రాసుకున్నాను.

ఆయన తప్పేముంది. నచ్చింది కొట్టమన్నాను. మనవాళ్ళకి నచ్చే అంకె ఇంకేముంటుంది? పెళ్ళికైనా, పురిటికైనా, పురోహితుడికైనా.

ఎర్రర్ బార్ సున్నా అని రాశాను. గైడ్ గారికి. ఈమెయిల్‌లో.

15 అక్టోబరు

విజయదశమి. ఏమీ ఆలోచించలేదు. రామతులసితో పుష్కరఘాట్‌కి వెళ్ళి బజ్జీలు తిన్నాను. చాలా బాగున్నాయి. ఏమీ ఆలోచించలేదు.

16 అక్టోబరు

ఇవాళ సెలవు పెట్టి నేనే కూర్చున్నాను. పది సిస్టంలకి పది వేర్వేరు అంకెలు. యాభైఆరు.

ఎనిమిది చచ్చాయి. ఒకటి ఈడుస్తోంది. నిక్షేపంలా బతికినది వెయ్యినూటపదహారు ఒక్కటే.

తాతాజీ గారు నా వెనక నిలబడి చూసి, "చెప్పానాండి" అన్నారు.

17 అక్టోబరు

నిజం ఏమిటంటే యాభైనాలుగు దగ్గర చాలావరకు బతుకుతున్నాయి. అంటే "కాస్త జరగండి" పనిచేస్తుంది, కానీ కాస్తే. యాభైఆరు దగ్గర బతికింది అదృష్టం. ఆ ఒక్క పేకలో ముక్కలు అలా పడ్డాయి.

యాభైరెండు నుంచి యాభైనాలుగు. దీనికెవరు గంటలో జవాబిస్తారు?

ఇంకోటి కూడా నిజమే. ఏ అంకె ఇచ్చావని ఎవరూ అడగరు. ప్రీ-టాక్‌లో అసలే అడగరు. పాత గ్రాఫ్ ఉంది, సారాంశం వెళ్ళిపోయింది, సంతకం ఒక్కటే బాకీ. బతికే అంకెలు ఇంకో నాలుగైదు వెతికితే గీతలు కూడా పెట్టొచ్చు, చిన్నవి, ముద్దొచ్చేవి. డాక్టరేటు వచ్చాక తీరిగ్గా ఇంకో పేపర్లో సరిదిద్దవచ్చు. అందరూ చేసేదే.

అందరూ అంటే ఎవరో నాకు తెలియదు.

18 అక్టోబరు

బతికే అంకెలు మూడు దొరికాయి.

వెతికాను కాబట్టి దొరికాయి.

19 అక్టోబరు

రామతులసికి చెప్పేశాను. పడీపడీ నవ్వింది. మంచం మీంచి లేచి మళ్ళీ నవ్వింది. నాకూ నవ్వొచ్చి, ఆ నవ్వులోనే ఏడుపొచ్చింది. అప్పుడది ఆపి, చీర కొంగుతో నా మొహం తుడిచి అడిగింది.

"ఆ మూడూ ఏం చేస్తావే?"

"తెలీదు."

"నేను మొక్కలమ్మేదాన్నయితే బతికిన మూడింటినీ ముందు పెట్టుకుంటాను. కొనేది నువ్వయితే చచ్చినవెన్నని అడుగుతావు."

అడుగుతాను. నేనైతే తప్పకుండా అడుగుతాను. నా స్టూడెంట్ అయితే రికార్డు మొహాన కొడతాను.

20 అక్టోబరు, ఆదివారం

ఉప్పాడలో బడ్డీకొట్టు ఫోనుకి చేసి నాన్నని పిలిపించాను.

"నాన్నా, ఆ లెక్క తప్పింది. నేను చెప్పినంత లేదు."



"అసలు లేదా, తక్కువుందా?"

"తక్కువుంది. కొంచెమే."

"మరి నేను అందరికీ సెప్పేశాను కదమ్మా."

"అదే నాన్నా."

"సరే, ఈళ్ళకి నేను సెప్పుకుంటాలే. మీ సారుకి నువ్వు సెప్పుకో."

ఫోన్ పెట్టేసి బూత్‌లో డబ్బులిచ్చాను. రేవులో ప్రతివాడి దగ్గరికీ వెళ్ళి ఆయన ఆ మాట ఎలా చెబుతాడో తలుచుకుంటే నా పని తేలికనిపించింది.

25 అక్టోబరు, విశాఖ

చెప్పాను.

కొత్త గ్రాఫ్ వేశాను. నిలువు గీతలు మామూలుగా లేవు, తాటిచెట్లలా ఉన్నాయి. గైడ్ గారు ముందు వరసలో కూర్చుని కళ్ళద్దాలు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నారు.

"సున్నా అన్నావు కదమ్మా?"

వెయ్యినూటపదహారు కథ మొదటినుంచి చెప్పాను, బంతిపూలతో సహా. హాలంతా నవ్వింది. రిటైరైన ఒకాయన బల్ల చరిచి మరీ నవ్వారు. గైడ్ గారు నవ్వలేదు.

"పదిసార్లు చేశానని చెప్పి ఒక్కసారే చేశావన్నమాట."

"అవునండి."

"నేనూ చూసుకోలేదు. యాభైఆరు అనేసరికి నాకూ కళ్ళు మూసుకుపోయాయి." మొహం బాగా నల్లబడింది. "హైదరాబాదు వాళ్ళకి వెనక్కి తీసుకుంటున్నామని రాయాలి. నా పేరు ముందుంది కాబట్టి నేనే రాస్తాను. నాలుగో చాప్టర్ మొత్తం మళ్ళీ రాయి. వంద అంకెలతో చెయ్యి, పదితో కాదు. తారీఖు మాత్రం మారదు."

సంతకం పెట్టలేదు. కాఫీ మాత్రం తాగి వెళ్ళమన్నారు.

28 అక్టోబరు

తాతాజీ గారికి విషయం మొత్తం చెప్పాను. చాలా బాధపడ్డారు. మంచి అంకె వల్ల చెడు ఎలా జరుగుతుందన్నది ఆయనకి అర్థం కాలేదు. కుర్చీలో కూలబడిపోతే నేనే మంచినీళ్ళు తెచ్చిచ్చాను. చివరికి, "అయితే నేనింక కొట్టనండి, మీరే చూసుకోండి" అన్నారు.

"మీరే కొట్టాలి. కాకపోతే వంద రకాలు కావాలి. నేను ఎంచుకుంటే మళ్ళీ మంచివే వెతుకుతాను. నా మీద నాకు నమ్మకం లేదండి."

2 నవంబరు

ఆయన పెట్టిన ఏర్పాటు ఇది. సెంటర్‌కి వచ్చిన ప్రతివాళ్ళనీ ఒక అంకె అడుగుతారు. హాల్ టికెట్ నంబరు, ఇంటి నంబరు, లూనా నంబరు, ఎవరిదో చెప్పుల సైజు. ఒక పెద్దాయన తన పెన్షన్ నంబరు చెప్పి, ఎందుకో తెలిశాక, బస్సు బతికిందో లేదో కనుక్కోవడానికి రోజూ వస్తున్నాడు. నెట్ వాడడు, ఊరికే వస్తాడు.

రామతులసి కూడా ఒకటి ఇచ్చింది. అది బతికితే నాకు కాజాలు కొనిపెడుతుందట.

"మరి మన వెయ్యినూటపదహారు తీసెయ్యమంటారాండి?" అని తాతాజీ గారు మెల్లగా అడిగారు.

తీసెయ్యాలనే ఉంది. కానీ బతికిందని దాన్ని పట్టుకోవడం ఎంత తప్పో, బతికిందని తీసెయ్యడమూ అంతే తప్పు.

"ఉండనివ్వండి. వందలో అదీ ఒకటి."

ఆయన మొహం మళ్ళీ విప్పారింది.

19 నవంబరు

కరెంటు కోత. గ్రహణాలకి కూడా వేళాపాళా ఉంటుంది.

11 డిసెంబరు

యాభైనాలుగు. ఎటు తిప్పినా యాభైనాలుగే. రామతులసి బస్సు చచ్చింది. కాజాలు మాత్రం కొనిపెట్టింది.

30 డిసెంబరు, విశాఖ

గైడ్ గారు నాలుగో చాప్టర్ నా ముందే చదివారు. మధ్యలో ఒకచోట ఆగి, "ఎనిమిదిన్నర సైజు ఏమిటిది?" అన్నారు.

"చెప్పులండి. ఎనభైఅయిదని కొట్టాం."

ఆయన చాలాసేపు కాగితంలోకే చూశారు. భుజాలు కదిలాయి. నవ్వారో లేదో చెప్పలేను. సంతకం మాత్రం పెట్టారు.

ఆఫీసులో థీసిస్ ఇచ్చేసి, బయటికి రాగానే ఉప్పాడకి ఫోన్ చేశాను. వంద అంకెల్లో ఒకటి నాన్న పడవ నంబరు. ఆ సంగతి ఆయనకి ముందే తెలుసు, అమ్మ చేత రెండుసార్లు అడిగించాడు కూడా.

"ఇచ్చేశాను నాన్నా."

"తీసుకున్నారా?"

"తీసుకున్నారు."

"మరి నా పడవేమైంది?"

"యాభైఆరు దగ్గర అందరికన్నా ముందు ఆగిపోయింది నీదే నాన్నా."

"రాశావా?"

"రాశాను. నీ నంబరు, అది ఎప్పుడు ఆగిందో, అంతా అచ్చులో ఉంది."

"అయితే సరేలే" అన్నాడు. పక్కనున్న ఎవరితోనో, ఫోన్‌కి చెయ్యి అడ్డం పెట్టకుండానే, "మా పడవ కూడా ఉందంట ఆ పుస్తకంలో. ఆగిపోయిందంట. రాసిందంట" అనడం వినబడింది. సెప్టెంబరులో రేవంతా తిరిగి చెప్పింది కూడా ఈ గొంతుతోనే అయి ఉంటుంది.